మందు లేదన్న జేజి

ఆమె చనిపోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. ఆళ్లగడ్డ బస్టాండులో ఇరవై ఆరేళ్లు కంట్రోలర్‌గా కూర్చున్నవాణ్ణి. ఆమె ఊరివాళ్లు రోజుకు పది మందైనా నా కిటికీ ముందు నిలబడి బస్సు ఎప్పుడని అడిగి పోయినవాళ్లే. రిటైరయ్యాక కూడా సాయంత్రం టీ అక్కడే తాగుతాను. అయినా పన్నెండు రోజుల తర్వాత, అహోబిలం బస్సెక్కుతున్న ఒక పాలాయన నోటి నుంచి, ఏదో మాటల మధ్యలో తెలిసింది.

"జేజి పాయ గదన్నా. నీకు తెల్దా?"

"ఎప్పుడు?"

"దినాలు గూడా అయిపాయ. నీకెవురు చెప్తారులే, ఆయమ్మ మీద కాయితం పెట్టినోనివి గదా!" అని నవ్వుతూ బస్సెక్కాడు.

ఆ పాలాయన పేరూ గుర్తుంది, ఆ బస్సు నంబరూ గుర్తుంది. కాగితం సంగతి నిజమే. అది కూడా చెబుతాను. కానీ అంతకు ముందు ఆమె నాకు చేసిన అవమానాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం నడిస్తే ఆమె ఊరు. చుట్టుపక్కల ఎవరికి కామెర్లొచ్చినా ఆదివారం పొద్దున పరగడుపున ఆమె వాకిట్లో ఉండాల్సిందే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మా వైపు నాయనమ్మను జేజి అంటారు. పిల్లలకూ జేజే, పిల్లల తాతలకూ జేజే. పొడుగు మనిషి. వయసు మీద పడినా నడుము వంగలేదు, గొంతు తగ్గలేదు. ముఖ్యంగా గొంతు.

తెల్లవారకముందే ఎంతమంది వచ్చి కూర్చున్నా ఆమె ఒక్కరినీ చూసేది కాదు. ఎవరైనా వాకిట్లో బల్బు వేస్తే ఆర్పించేది.

"దీపానికి అందురూ పచ్చగానే కనపడతారు. పొద్దు రానీండప్పా, తొందరేముంది, పెండ్లికొచ్చినారా?"

ఎండ ఎదురింటి గోడ దాటి ఆమె అరుగు మీదికి దిగాక పని మొదలయ్యేది. మనిషిని తూర్పు ముఖంగా నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేది. ఆకు నూరి నూరి ఆ వేలి గోరు నల్లబడిపోయి ఉండేది. తర్వాత నాలుక. తర్వాత ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు వాకిలి మొత్తం సాక్షి.

"దొడ్డికి పోతే యా రంగు? జొన్న సంకటి మాదిరా, సుద్ద మాదిరా?"

ఆడవాళ్లు తలొంచుకునేవాళ్లు. మగవాళ్లు దగ్గేవాళ్లు. ఆమె వదిలేది కాదు. "సిగ్గుపడేదానివి ఈడికి యాల వచ్చినావమ్మా? రంగు చెప్పు" అనేది. పచ్చ ముందొచ్చిందా, దురద ముందొచ్చిందా? నొప్పి ఉందా? చలిజ్వరం ఉందా? పచ్చ పెరుగుతూనే ఉందా, ఒకసారి తగ్గి మళ్లీ వచ్చిందా? చివరికి ఆడవాళ్లయితే చేతి గాజులు పైకి తోసి చూసేది. మగవాళ్లయితే మొలతాడు. "ఈమధ్య ఎన్నితూర్లు బిగించినావు?" అని అడిగేది. మా వైపు మొలతాడు లేని మగవాడు ఉండడు, తూనిక యంత్రం ఉన్న ఇల్లు ఉండదు. మనిషి కరిగిపోతున్న సంగతి ఇంట్లో వాళ్ల కంటే ముందు ఆ దారానికి తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక మందు. ఇంత పసరు ముద్దను మజ్జిగలో కలిపి, గ్లాసు చేతికివ్వకుండా తనే నోటికి ఆనించి తాగించేది. నేలఉసిరి అని కొందరు, ఇంకేదో కలుపుతుందని కొందరు అనేవారు. అడిగితే ఒకటే జవాబు. "ఏ ఆకైతే నీకేందప్పా, నువ్వు మేకవా?"

ఒక్క పైసా తీసుకునేది కాదు. నయమైనవాళ్లు ఒక ఉప్పు పొట్లం తెచ్చి ఇవ్వాలి. ఆమె అందులోంచి చిటికెడు తీసి వేడి సంకటిలో కలిపి, పత్యం విడిచే మొదటి ముద్ద తన చేత్తో పెట్టేది. నెల రోజులు చప్పిడి తిన్న మనిషికి ఆ ముద్ద ఎట్లుంటుందో తిన్నవాళ్లకే తెలియాలి. నాకు తెలుసు. నాకు ఆ ముద్ద అందరికంటే రెండు వారాలు ఆలస్యంగా దొరికింది కాబట్టి ఇంకా బాగా తెలుసు. అదే నా మొదటి అవమానం.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో కొత్త. కామెర్లొచ్చి రెండు ఆదివారాలు ఆమె దగ్గర మందు తాగాను. మూడో ఆదివారానికి ముందు రోజు బస్టాండు ముందు మిరపకాయ బజ్జీలు వేస్తుంటే నిలబడలేకపోయాను. రెండే తిన్నాను. మర్నాడు ఆమె నా రెప్ప లాగింది, నాలుక చూసింది, చేయి పట్టుకుని వేళ్లు వాసన చూసింది.

"బజ్జీ" అంది.

"లేదు జేజీ."

"బస్టాండు కాడిది. ఆ నూనె వాసన నాకు తెల్దా? నేనొక పక్క మందు పోస్తాండా, ఆ బజ్జీలోడు ఇంగో పక్క నూనె పోస్తాండాడు. ఇద్దురిలో ఎవురు గావాల్నో తేల్చుకోని రాపో!"

వాకిలంతా నవ్వింది. రెండు వారాలు నన్ను ఒక మూల కూర్చోబెట్టి, అందరికీ పోసి నాకు పోయలేదు. ఆ నవ్వినవాళ్లలో నాకు కాబోయే అత్తగారు కూడా ఉన్నారని పెళ్లయ్యాక తెలిసింది. ఆ ఇంట్లో ఇప్పటికీ బజ్జీలు వేస్తే ముందు నా ముఖం చూస్తారు.

ఇది చిన్నదే అనుకోవచ్చు. రెండోది చిన్నది కాదు.

మా నాయనకు డెబ్బై దాటాక పచ్చ పట్టింది. నాయన ఏ రోజూ మంచాన పడిన మనిషి కాదు. నొప్పి లేదు, జ్వరం లేదు. అన్నం తింటున్నాడు, కాకపోతే కొంచెం తగ్గించాడు. కళ్లు చూస్తే మాత్రం పసుపు ముద్దలు. పగలూ రాత్రీ కాళ్లు గోక్కునేవాడు. ఆదివారం ఆమె దగ్గరికి తీసుకుపోయాను. మా ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. అందరికీ పోసింది. నాయన వంతు వచ్చింది.

ఆమె చాలాసేపు చూసింది. కాళ్ల మీద గోటి గీతలు చూసింది. పడుకోబెట్టి కుడివైపు పక్కటెముకల కింద నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కింది. ఒకచోట ఆ వేళ్లు ఆగాయి. మళ్లీ అక్కడే నొక్కింది.

"నొప్పి ఉండాదా అన్నా?"

"లేదమ్మా. ఏమీ లేదు. దురదొకటే."

"మొలతాడు ఎన్నితూర్లు బిగించినావు?"

నాయన నవ్వాడు. "మూడు తూర్లు. పాతదై సాగిందేమోలే."

ఆమె నవ్వలేదు. చేతిలో ఉన్న గ్లాసు పక్కన పెట్టింది. నాయన వైపు చూడకుండా నాతో అంది.

"ఈయప్పకు నా మందు లేదు. నంద్యాలకు తోడుకోని పో. ఈ పొద్దే పో."

"ఎందుకు లేదు?"

"లేదంటే లేదప్పా."

"వీళ్లందరికీ పోసినావు గదా?"

"వీళ్లకు పోసినా. మీకు లేదు. జరుగు, ఎనకాల మనుషులుండారు."

నా మనసులో ఏముందో కూడా చెప్పాలి. అంతకు నెల ముందు ఆమె ఊరివాళ్లు వచ్చి ఎక్స్‌ప్రెస్ బస్సు తమ ఊరి మలుపు దగ్గర ఆపించమని అడిగారు. రూలు లేదు, నేను కుదరదన్నాను. వాళ్లు గొడవ చేసి పోయారు. కాబట్టి అందరి ముందు మా నాయనను అట్లా పక్కకు జరిపేసరికి నాకు ఒక్కటే అర్థమైంది. బస్సు ఆపలేదని మందు ఆపింది. ముసలివాణ్ణి అడ్డం పెట్టుకుని కక్ష తీర్చుకుంది. నాయన దారిలో "పోనీలేరా, నంద్యాలకే పోదాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నంద్యాలకు పోతే ఆమె మాట విన్నట్లవుతుంది.

కొలిమిగుండ్ల అవతల ఒకాయన కామెర్లకు వాత పెడతాడని విన్నాను. అక్కడికి తీసుకుపోయాను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు, ఎంతో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నాకు ఆ మర్యాదే నచ్చింది. నాయన మణికట్టు మీద వాత పెట్టి, ఏదో వేరు ఇచ్చి, రెండు వారాల్లో పచ్చ దిగుతుందన్నాడు. ఆ రెండు వారాల్లో నేను చేసిన ఇంకో పని, జేజి మీద అర్జీ రాయడం. అనుమతి లేకుండా వైద్యం చేస్తోందనీ, ముఖం చూసి మందిస్తోందనీ, కక్షలు పెట్టుకుని రోగుల ప్రాణాలతో ఆడుకుంటోందనీ రెండు పేజీలు రాసి ఆరోగ్య శాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

పదహారో రోజు నాయన గోనెసంచితో వీపు రుద్దుకుంటూ కనిపించాడు. చర్మం పసుపు దాటి ఆకుపచ్చకు తిరిగింది. ఆ పొద్దు నంద్యాల బస్సెక్కించాను.

నంద్యాలలో డాక్టరు కుర్రవాడే, నిదానస్తుడు. నాయనను పడుకోబెట్టి కుడివైపు పక్కటెముకల కింద చేయి పెట్టాడు. సరిగ్గా అక్కడే. బయటికి పిలిచి చెప్పాడు.

"కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోయింది. మూసింది రాయా, గడ్డా అన్నదే ఇప్పుడు తేల్చాల్సింది. రాయయితే మామూలుగా నొప్పి ఉంటుంది, జ్వరం ఉంటుంది, పచ్చ పెరిగీ తగ్గీ దోబూచులాడుతుంది. ఈయనకు నొప్పి లేకుండా పెరుగుతూనే పోయింది. మనిషి చిక్కిపోయాడు. పిత్తాశయం ఉబ్బి చేతికి తగులుతోంది, నొక్కితే నొప్పి లేదు. నాకు అనుమానంగా ఉంది. స్కాను చూద్దాం."

స్కాను చూశారు. క్లోమం తల దగ్గర గడ్డ. పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని పట్టుకుంది. ఆపరేషనుకు లొంగేది కాదన్నారు. దురద తగ్గడానికి కర్నూలులో ఆ గొట్టంలో ఇంకో సన్నగొట్టం వేశారు. పచ్చ దిగింది. నాయన ఐదు నెలలు బతికాడు.

నేను ఆ డాక్టరును మూడుసార్లు ఒకటే ప్రశ్న అడిగాను. పదహారు రోజుల ముందు వచ్చుంటే?

"ఇది పదహారు రోజుల్లో పుట్టింది కాదు" అన్నాడు.

"అయితే తేడా ఉండేది కాదని రాసివ్వండి."

"ఉండకపోవచ్చు. కానీ ఉండేదే కాదని ఎవరూ రాసివ్వలేరు" అన్నాడు.

నా జీవితంలో ఎన్నో కాగితాలు సంపాదించాను. కావాల్సిన ఆ ఒక్క కాగితం నాకు దొరకలేదు.

నా అర్జీ మాత్రం పని చేసింది. ఎవరో వచ్చి విచారించి పోయారు. ఆమె మూడు ఆదివారాలు వాకిలి తెరవలేదు. నాలుగో ఆదివారం మళ్లీ మొదలుపెట్టింది. నేను ఆ ఊరి దారి వైపు చూడటం మానేశాను.

తర్వాత నాలుగేళ్లకు నా భార్యకు కళ్లు పచ్చబడ్డాయి. ఆ పచ్చ చూడగానే నా పని అయిపోయింది. మా ఇంట్లో పచ్చ అంటే నాయన పచ్చే. ఆమె పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతూ ఉంటే, నేను మాత్రం ఇంకెన్ని నెలలో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నంద్యాలకు పోదామంది. నాకు కాళ్లు రాలేదు. ఆ డాక్టరు గది బయట నిలబడి మళ్లీ ఆ మాట వినే శక్తి లేదు. చివరికి ఆమే, "పోనీ జేజి కాడికన్నా తోడుకోని పో" అని ఏడ్చింది. ఆదివారం కూడా కాదు. బుధవారం.

జేజి వాకిట్లో నిలబడి కందులు చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

"రాప్పా. కాయితం బాగా రాసినావంట గదా. చదివిన ఆయప్ప ఒకటే మెచ్చుకున్యాడు. చేతిరాత ముత్యాలంట."

ఆమె నా భార్యను వెలుతురులోకి తీసుకుపోయింది.

"నొప్పి ఉండాదా మ్మా?"

"పానం పోతాంది జేజీ. ఈడ పట్టుకుంటే ఈపు దాకా లాగుతాది."

"మంచిది" అంది జేజి.

నాకు ఒళ్లు మండింది. "ఏందీ మంచిది?"

"నిన్నడగలే నేను. నువ్వు ఊరకుండు." మళ్లీ నా భార్యతో, "ఈ పచ్చ ఇంతకు ముందెప్పుడన్నా వచ్చిండెనా?"

"పోయిన నెల్లో వచ్చి నాలుగు దినాలకు పాయ. ఎవురికీ చెప్పలే. మళ్లా వచ్చె. రాత్రి చలిజొరం."

జేజి ఆమె గాజులు పైకి తోసింది. మణికట్టు దాటలేదు. "బాగా తింటాండావు" అంది. నా వైపు తిరిగింది. "నువ్వేందప్పా, సచ్చినోని మాదిరి నిలబడుకున్యావు? మీ నాయనది ఊరకుండి కరిచేది. ఇది మొరిగేది. ఇంత మొరుగుతాందంటే యాడనో రాయి పడి అడ్డంకుండాది. తీసేస్తే పోతాది."

నా భార్య ఏడుపు ఆపింది. నాకు మొదలైంది.

"ఏడవాకు. అట్లని నిమ్మళంగా కూర్చోవాకు. చలిజొరం కలిసింది. దీనికి గూడా నా మందు లేదు. బేగా నంద్యాలకు పోండి. తడవు చేస్తే ఇది గూడా చంపుతాది."

ఈసారి ఎక్స్‌ప్రెస్ కోసం కూడా చూడలేదు. జీపు మాట్లాడుకుని పోయాను. అదే డాక్టరు. జేజి అన్నది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"లక్షణాలు రాయి లాగే ఉన్నాయి. కానీ నేను స్కాను చూడకుండా మాటివ్వను. నొప్పితో వచ్చే గడ్డలూ ఉంటాయి, నొప్పి లేని రాళ్లూ ఉంటాయి" అన్నాడు. స్కానుకు చీటీ రాస్తూ, "ఆ దారి నుంచి వచ్చే కొంతమంది పసరు తాగకుండా నేరుగా వస్తారు. ఎవరో పంపుతున్నారని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆమేనా?" అని అడిగాడు.

ఆమేనని చెప్పాను. ఆమె మీద అర్జీ పెట్టింది నేనేనని చెప్పలేదు.

రాయే. గొట్టంలో అడ్డుపడి ఉంది. కర్నూలులో నోటి నుంచి గొట్టం వేసి తీశారు. కొన్నాళ్లకు పిత్తాశయం కూడా తీసేశారు. ఒంట్లో పత్తిగింజంత రాయి ఒక ఇంటిని ఎట్లా వణికిస్తుందో చూశాను. నా భార్య ఇప్పుడు నాతో గట్టిగా పోట్లాడుతోంది, అంటే బాగానే ఉంది.

ఆమె కుదుటపడ్డాక ఒక ఆదివారం ఉప్పు పొట్లం పట్టుకుని పోదామంది. జేజి మందు తాగలేదు కదా, ఉప్పెందుకన్నాను. "నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతా" అంది. పోయాము. జేజి పొట్లం తీసుకుని, ఏమీ అడగకుండా, సంకటి ముద్ద కలిపి నా భార్య నోట్లో పెట్టింది. నాకు పెట్టలేదు. ఇదీ లెక్కలో ఉంది.

జనం తగ్గేదాకా కూర్చుని అడిగాను. నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది.

"ఆ పొద్దు నాయన సంగతి నీకు తెలిసింది గదా. గట్టిగా ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పుంటే పదహారు రోజులు పోగొట్టేవాణ్ణి కాదు. 'మందు లేదు, జరుగు' అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది?"

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. చేతి తడి చీరకు తుడుచుకుంది.

"మీ నాయన ఎదురుగా ఏం చెప్పాలప్పా? సచ్చిపోతావు పో అని చెప్పాల్నా? ఆ మాట నా నోట్లోనుంచి రాదు. ఒకసారి రావాల్సినప్పుడు రాలే, అప్పట్నుంచి రాదు."

"ఎప్పుడు?"

ఆమె అరుగు మీద కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

"నా మొగునికి వచ్చిండె. ఊరకుండే పచ్చ. నొప్పి లే, జొరం లే. అప్పటికే ఈ ఊర్లో, ఆ ఊర్లో నా మందంటే పేరు. ఎంత మందికో పోయె పచ్చ. పోయిందంటే నాదే గొప్ప అనుకుంటాంటి. దానంతట అది పోయేది గూడా నేనే పోగొట్టినా అనుకుంటాంటి. ఆయప్పకు మాత్రం పోలే. ఇంగో వారం, ఇంగో వారం అని నా చేత్తో నేనే పోస్తి. మూడు నెల్లు."

ఆమె తలతో గడప వైపు చూపించింది.

"ఆయప్ప నంద్యాలకు పోతా అన్యాడప్పా. ఒకసారి గాదు. పంచె మార్చుకోని, చెప్పులేసుకోని, ఆ గడప కాడ నిలబడి అడిగినాడు. పోయి చూపిచ్చుకోని వస్తానే అని. ఊరందురికీ నేను మందిస్తాంటే, నా మొగుడు పోయి డాక్టరు కాడ కూర్చుంటే నా మొగమేం గావాల? నేనే వద్దన్యా. చెప్పులిడిచి వచ్చి పండుకున్యాడు. ఇంగ లెయ్యలే."

నా భార్య ఆమె చేయి పట్టుకుంది. జీవితంలో ఎవరి తప్పయినా ఎత్తి చూపడమే కానీ, సర్దిచెప్పడం నాకు అలవాటు లేని పని.

"తెలీక చేసింది గదా జేజీ" అన్నాను.

"తెలీకనే" అంది. ఇంకెవరో వాకిట్లోకి వస్తుంటే లేచి, చీర కొంగు దోపుకుంటూ నా వైపు చూడకుండానే అంది. "నువ్వు గూడా తెలీకనేలే."